ఏరు దాటితే విదేశం

విదేశంలో స్థిరపడే అవకాశమే వస్తే ఏ దేశాన్ని ఎన్నుకుంటారన్న ప్రశ్న మిత్రులు కూడినచోట ఎప్పుడో ఒకప్పుడు తలెత్తుతుంది. ఒకరు న్యూజీలాండు పచ్చికబయళ్ళను తలుచుకుంటారు. మరొకరు నార్వేలో ముసలితనానికి దొరికే భరోసాను మెచ్చుకుంటారు. ఇంకొకరు జపానువారి సమయపాలనను పొగిడి, వెంటనే అక్కడి తిండి తనకు పడదని వాపోతారు. ఇటీవల అటువంటి ఒక కూడికలో నా వంతు వచ్చింది. నాకు వెంటనే ఏ దేశమూ స్ఫురించలేదు. స్ఫురించింది మా నాయనమ్మ.

ఆమె పుట్టినిల్లు బూర్గంపాడు వైపు, మెట్టినిల్లు భద్రాచలం వైపు. నడుమ ఉన్నది గోదావరి. వేసవిలో ఇసుకతిన్నెల మీద నడిచి, మిగిలిన కాస్త నీటిని పడవలో దాటితే అయిపోయే దూరం. అయినా ఆమె చివరిదాకా తన పుట్టింటివారిని "నైజాంవాళ్ళు" అనీ, అత్తింటివారిని "సర్కారువాళ్ళు" అనీ అంటూండేది. "మా నైజాంలో అయితేనా..." అని ఆమె మొదలుపెడితే ఇంట్లో అందరూ నవ్వేవారు. చిన్నప్పుడు నేనూ నవ్వాను. చరిత్ర కొంత చదివిన తరువాత ఆమె మాటలో అతిశయోక్తి ఏమీ లేదని తెలిసింది. ఆమెది అక్షరాలా విదేశీ సంబంధమే.

ఆ కథ 1860 డిసెంబరులో మొదలవుతుంది. అప్పటిదాకా గోదావరికి ఈ ఒడ్డూ ఆ ఒడ్డూ నిజాం రాజ్యమే. భద్రాచలం, రేకపల్లి, చర్ల, ఆల్బాక, నూగూరు, ఎగువన సిరొంచ - ఎడమ ఒడ్డునున్న ఈ తాలూకాలన్నీ పేరుకు హైదరాబాదు ప్రభువుకు చెందినవి. వాస్తవంలో జమీందార్ల చేతులలో, వారు కూలికి తెచ్చుకున్న రోహిల్లాల చేతులలో ఉండేవి. 1857 తిరుగుబాటు కాలంలో తమ పక్షాన నిలిచినందుకు ఆంగ్లేయులు నిజాముకు రాయచూరు అంతర్వేదినీ, ధారాశివం ప్రాంతాన్నీ తిరిగి ఇచ్చారు, సురపురాన్ని అప్పగించారు. బదులుగా గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలను తాము తీసుకున్నారు. గోదావరి మీదా దాని ఉపనదుల మీదా సాగే సరకు రవాణాకు సుంకం ఉండరాదని కూడా ఆ ఒప్పందంలో వ్రాసుకున్నారు.

ఈ చివరి షరతులోనే అసలు సంగతి ఉంది. ఆంగ్లేయులకు కావలసినది అడవి కాదు, కోయలు కారు, భద్రాద్రి రాముడూ కాడు. వారికి కావలసినది నది. నాగపూరు, బేరారు ప్రాంతాల పత్తి పడవలలో దిగివచ్చి కోరంగి, కాకినాడ రేవులు చేరాలి. అందుకు ఒక ఒడ్డయినా తమ చేతిలో ఉండాలి. అలా ఎక్కడో కూర్చున్నవారు కాగితం మీద గీసిన గీత మా నాయనమ్మ పుట్టింటికీ అత్తింటికీ మధ్య నదిని సరిహద్దుగా మార్చివేసింది.

ఆ సరిహద్దు ఎటువంటిదో ఈ కాలపువారికి కొంత వివరించాలి. కుడి ఒడ్డున చెల్లుబడి అయ్యేది హాలీ సిక్కా, ఎడమ ఒడ్డున కల్దారు రూపాయి. కుడి ఒడ్డున కచేరీ భాష మొదట పారసీ, తరువాత ఉర్దూ. ఎడమ ఒడ్డున ఇంగ్లీషు, తెలుగు. నిజాం తపాలా బిళ్ళ అతికించిన ఉత్తరం నిజాం రాజ్యంలోనే పోతుంది. సరకు సరిహద్దు దాటితే కరోడ్‌గిరీ నాకాలో సుంకం కట్టాలి. ఒక ఒడ్డున నేరం చేసినవాడు రెండవ ఒడ్డుకు చేరితే ఇటు పోలీసు అటు అడుగు పెట్టడానికి ఉత్తరప్రత్యుత్తరాలు నడవాలి. నాణెం, భాష, తపాలా, సుంకం, పోలీసు - విదేశమనడానికి ఇంతకంటే ఏం కావాలి?

చిత్రమేమిటంటే దేవుడు కూడా ఈ ఏర్పాటులో ఇరుక్కున్నాడు. కుతుబ్‌షాహీల కాలంలో పాల్వంచ పరగణా తహసీల్దారుగా కంచెర్ల గోపన్న కట్టించిన గుడి ఇప్పుడు ఆంగ్లేయుల నేల మీద ఉంది. గోల్కొండ ప్రభువుల వారసత్వాన్ని అందుకున్న హైదరాబాదు ప్రభుత్వం మాత్రం ఆ గుడికి ఏటేటా భృతి పంపుతూనే వచ్చింది. ఒక ముస్లిం ప్రభువు, క్రైస్తవ ప్రభుత్వపు నేల మీదనున్న హిందూ దేవాలయానికి, సరిహద్దు దాటించి సొమ్ము పంపడం ఆ రోజులలో ఎవరికీ వింతగా తోచలేదు.

ఇక మనుషుల మాటకు వద్దాం. సాధారణంగా మనిషి దేశం మారుతాడు. మా సరిహద్దున మనిషి ఉన్నచోటనే ఉంటాడు, దేశమే మారుతుంది. శబరి గోదావరిలో కలిసే కూనవరం దగ్గఱి రేకపల్లినే తీసుకోండి. 1860కి ముందు అది నిజాం రాజ్యం. తరువాత సెంట్రల్ ప్రావిన్సులలోని ఎగువ గోదావరి జిల్లా. 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. 1959లో భద్రాచలం డివిజను మొత్తంతో పాటు తూర్పు గోదావరి నుండి ఖమ్మం జిల్లాకు బదిలీ. 2014లో తిరిగి తూర్పు గోదావరి. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. చర్ల, నూగూరువారి దారి మరొకటి. వారు 1909 దాకా సెంట్రల్ ప్రావిన్సులలోనే ఉండి ఆ తరువాత మద్రాసుకు వచ్చారు. ఇన్ని బదిలీలలో ఒక్కటీ ఆ ఊళ్ళవారిని అడిగి చేసినది కాదు.

అడగకపోతే నష్టమేమిటి, ఎవరి పాలనలో ఉంటే ఏమిటి, అడవిలో బ్రతికేవాడికి రాజు ఎవడైతేనేం అని ఎవరైనా అనవచ్చు. దానికి జవాబు ఒక గొడ్డలిలో ఉంది. సెంట్రల్ ప్రావిన్సుల పాలనలో రేకపల్లి కొండలలో పోడు చేసుకునేవాడు గొడ్డలికి నాలుగణాల చొప్పున పన్ను కట్టి తన పని తాను చేసుకునేవాడు. పొలానికి కొలత లేదు, పట్టా లేదు. ఇంట్లో ఎన్ని గొడ్డళ్ళుంటే అన్ని నాలుగణాలు. 1874లో మద్రాసు పాలన వచ్చింది. పన్ను సుమారు మూడింతలయింది. కొన్ని అడవులలో గొడ్డలి పెట్టరాదన్నారు. కొండ అదే, మనిషి అతడే, గొడ్డలీ అదే. మారినది దేశం మాత్రమే. 1879లో రంప కొండలలో చెలరేగిన పితూరీ ఆ యేడే రేకపల్లికి ప్రాకినప్పుడు, అక్కడివారు ఎందుకు చేరారో అధికారులు విచారించి వ్రాసుకున్న కారణాలలో ఈ గొడ్డలి పన్ను ఒకటి. ఏ దేశంలో బ్రతకాలన్నది కొండవాడికి వినోదం కొఱకు వేసుకునే ప్రశ్న కాదు. ఆ యేడు కొఱ్ఱలు పండుతాయా లేదా అన్న ప్రశ్న.

ఎన్నుకునే అవకాశం ఎవరికీ లేదా అంటే, ఉంది. బయటినుండి వచ్చినవారికి ఉంది. దుమ్ముగూడెం వెళ్ళినవారికి అక్కడి ఆనకట్ట గుర్తుండే ఉంటుంది. ఆర్థర్ కాటన్ అనుచరులలో ఒకడైన ఫెలిక్స్ థాకరే హేగ్ అనే సైనిక ఇంజనీరు పర్యవేక్షణలో ఎగువ గోదావరి నౌకాయాన పనులు సాగాయి. నదిలో రాళ్ళు అడ్డుపడే చోట్లు మూడు - మొదటిది దుమ్ముగూడెం, రెండవది ఇచ్ఛంపల్లి, మూడవది ప్రాణహిత మీది దేవలమర్రి. మూడుచోట్లా ఆనకట్టలు, లాకులు, ప్రక్క కాలువలు కట్టి పడవలను దాటించాలన్నది తలంపు. అమెరికాలో 1861 నుండి 1865 దాకా అంతర్యుద్ధం జరిగి అక్కడి పత్తి ఆగిపోయినప్పుడు ఈ పనులకు ఎక్కడలేని ప్రాముఖ్యం వచ్చింది. యుద్ధం ముగిసింది. 1867లో బొంబాయి నుండి రైలు నాగపూరు చేరింది. పత్తికి నదితో అవసరం తీరింది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అన్నట్లు 1871లో పనులన్నీ ఆపివేశారు. అడవి జ్వరాలకు బలైన కూలీల లెక్క ఎవరూ చెప్పలేదు. నది కొఱకు గీసిన సరిహద్దు మాత్రం నదితో అవసరం తీరినా అలాగే నిలిచిపోయింది.

హేగ్ వెనుక మరొకటి మిగిలింది. కోయల మధ్య మతప్రచారం జరగాలన్న ఆయన పట్టుదల వలన 1860 ప్రాంతంలో చర్చ్ మిషనరీ సొసైటీ దుమ్ముగూడెంలో కోయ మిషన్ స్థాపించింది. దానికి వచ్చిన జాన్ కెయిన్ 1870ల నుండి దశాబ్దాల తరబడి అక్కడే ఉండిపోయాడు. వచ్చినది మతం మార్చడానికే, అందులో దాపరికం లేదు. కాని వచ్చినవాడు చెవులు మూసుకొని కూర్చోలేదు. భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి 'ఇండియన్ ఆంటిక్వరీ' పత్రికలో వరుసగా వ్యాసాలు వ్రాశాడు. 1881లో లండనులోని రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో కోయల మీద వ్యాసం ప్రకటించాడు. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాల మీద ఏడు సంపుటాలు వెలువరించినప్పుడు కోయల ప్రకరణానికి కెయిన్ వ్రాతలే ఆధారమయ్యాయి. ఇరుగుపొరుగువారు కోయలని పిలిచే జనం తమను తాము కోయితూర్ అనుకుంటారు. ఆ మాటకు వారి భాషలో మనిషి అని అర్థం. సరిహద్దుకు అవతల బస్తరులో ఇదే జనంలో కొందరిని దోర్లలంటారు. దేశం మారితే జనానికి పేరు కూడా మారుతుందన్నమాట. వారి దృష్టిలో మాత్రం వారు మనుషులు, అంతే.

ఇంగ్లండు నుండి దుమ్ముగూడెం రావడం పెద్ద ఎంపికే. కాని విదేశవాసానికి సముద్రాలే దాటనక్కఱలేదు. రాజమండ్రి వైపు నుండి 1927లో బాలానంద స్వామి గోదావరి వెంట ఎదురెక్కి పాపికొండల నడుమనున్న పేరంటపల్లి చేరి మునివాటం నెలకొల్పుకొన్నారు. పేరంటపల్లి కుడి ఒడ్డున ఉంది, అంటే నిజాం రాజ్యంలో. బ్రిటిషు ఇండియా నుండి ఆయన లాంచీలో విదేశానికి వలస పోయారని మనం ఎప్పుడైనా అనుకున్నామా? ఇప్పటికీ పాపికొండల విహారానికి పోయేవారు ఆ ఆశ్రమం దగ్గఱ దిగి కాళ్ళు కడుక్కుని వస్తారే కాని, తాము దిగిన ఒడ్డు ఒకప్పుడు పరరాజ్యమని తలచరు.

ఇక ఈ ప్రశ్నకు అన్నివిధాలా తగిన మనిషి ఒకడున్నాడు. క్రిస్టొఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టాడు. మానవశాస్త్రం చదివి, లండనులో మాలినోవ్‌స్కీ వద్ద మెలకువలు నేర్చి, 1936-37లో నాగా కొండలలో నివసించి వెళ్ళాడు. 1938లో ఎలిజబెత్ బార్నార్డోను పెళ్ళాడాడు. ఆమెను అందరూ బెట్టీ అనేవారు. అదే యేడు హిట్లరు ఆస్ట్రియాను మింగివేశాడు. కదలకుండానే దేశం మారిపోవడం అంటే ఏమిటో హైమెండార్ఫుకు మన రేకపల్లి కొండవాడి లాగే అనుభవంలోకి వచ్చింది. ఆయన చేతిలోని ఆస్ట్రియా పౌరసత్వం జర్మన్ పాస్‌పోర్టుగా మారింది. 1939లో భార్యతో భారతదేశం వచ్చిన కొద్దికాలానికే యుద్ధం మొదలయింది. శత్రుదేశ పౌరుడని ఆంగ్లేయ ప్రభుత్వం ఆయనను నిర్బంధించింది. తెలిసినవారి పూనికతో ఆ నిర్బంధం హైదరాబాదు సంస్థానపు ఎల్లలు దాటరాదన్న నియమంగా సడలింది. అంటే చెఱసాలగా ఆయనకు ఒక దేశాన్నే ఇచ్చారు. ఆయన దానిని పరిశోధనాక్షేత్రం చేసుకున్నాడు.

మొదట నల్లమల చెంచుల దగ్గఱకు పోయాడు. తరువాత మా గోదావరి కుడి ఒడ్డుకు వచ్చాడు. ఆంగ్లేయులు బైసన్ హిల్స్ అని పిలిచిన పాపికొండలలో, కొండరెడ్ల ఊళ్ళలో భార్యతో సహా మకాం చేశాడు. 'బైసన్ కొండల రెడ్లు' అన్న ఆయన గ్రంథం 1945లో వెలువడింది. పోడు, వేట, పెళ్ళిళ్ళు, దేవతలు - ఇవన్నీ అందులో ఉన్నాయి. నాకు ముఖ్యమని తోచినది వేరొకటి. కలప గుత్తేదారులు కొండరెడ్లను అప్పులతో కట్టివేసి వెట్టి చేయించుకుంటున్న తీరును ఆయన చూసి ఊరుకోలేదు. హైదరాబాదు ప్రభుత్వానికి నివేదికలు వ్రాశాడు. ఆ నాలుగు నివేదికలు 'ట్రైబల్ హైదరాబాద్' పేరుతో 1945లో అచ్చయ్యాయి. అతిథికి ఇంటి గుట్టు అక్కఱలేదంటారు. ఆయన అతిథిగా ఉండదలచుకోలేదు.

తరువాత ఆయన నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారు అయ్యాడు. ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో గోండు పిల్లల చదువుకు, గోండు ఉపాధ్యాయుల శిక్షణకు కేంద్రం నడిపించాడు. 1949లో లండను వెళ్ళి అక్కడి ప్రాచ్యవిద్యల కళాశాలలో ఆచార్యుడయ్యాడు. నేపాలు వెళ్ళాడు, షెర్పాల మీద గ్రంథం వ్రాశాడు. ప్రపంచంలో ఎక్కడ ఉండాలన్నా ఉండగలిగిన మనిషి. అయినా తిరిగి తిరిగి ఇక్కడికే వచ్చేవాడు. 1970లలో వచ్చి చూసుకొని, ముప్ఫై యేళ్ళలో గిరిజనుల భూములు ఎలా అన్యాక్రాంతమయ్యాయో 1982లో మరొక గ్రంథంలో వ్రాశాడు. 1987 జనవరిలో బెట్టీ హైదరాబాదులో కన్నుమూసింది. ఆమె సమాధి మార్లవాయిలో ఉంది. ఆయన 1995లో లండనులో మరణించాడు. చాలా యేళ్ళ తరువాత ఆయన అస్థికలను కూడా తెచ్చి ఆమె ప్రక్కనే నిక్షేపించారు. ఎన్నుకోకుండా వచ్చిపడ్డ దేశాన్ని చివరికి ఎన్నుకున్నవాడు ఆయన.

హైమెండార్ఫ్ పాపికొండలలో తిరుగుతున్న రోజులలో నదికి రెండు ఒడ్డులా బ్రతుకు ఒకటే, చట్టం వేరు. ఎడమ ఒడ్డున 1917 నుండి మద్రాసు ప్రభుత్వపు ఏజెన్సీ చట్టం ఒకటి అమలులో ఉంది. కొండజాతివాడి భూమిని మైదానపువాడు కొనాలంటే ప్రభుత్వ ప్రతినిధి అనుమతి కావాలి. వడ్డీకి ఒక హద్దు ఉంది. చట్టం ఉన్నంత మాత్రాన మోసం ఆగలేదు గాని, అడగడానికి ఒక ఆధారం ఉండేది. కుడి ఒడ్డున అదీ లేదు. అటువంటి రక్షణ హైదరాబాదు సంస్థానంలో 1940లు సగం దాటాక గాని రాలేదు, అందులో హైమెండార్ఫ్ నివేదికల పాలు ఉంది. రెండు ఒడ్డులూ 1956లో ఒకే రాష్ట్రమయిన తరువాత కూడా ఒకే భూచట్టం రావడానికి కొన్నేళ్ళు పట్టింది. 1959లో ఆంధ్ర ప్రాంతపు షెడ్యూల్డు ప్రాంతాలకు చేసిన నిబంధనావళి 1963లో తెలంగాణకు వర్తించింది. 1970లో దానిని మరింత కట్టుదిట్టం చేశారు. భద్రాచలం దగ్గఱ గోదావరి మీద వంతెన 1965లో తెఱచుకుంది. చట్టానికీ మనిషికీ ఏరు దాటే దారి ఇంచుమించు ఒకేసారి ఏర్పడిందన్నమాట. మా నాయనమ్మ విదేశీయత అప్పటితో ముగియవలసింది. ఆమె నోట మాత్రం ముగియలేదు.

ఇంతటితో ఈ కథ పాతబడిపోయిందనుకుంటే పొరపాటే. అడవిలో మరొక సరిహద్దు ఉంది - ఉత్తరాన బస్తరు. ఇటు చర్ల, దుమ్ముగూడెం, చింతూరు. అటు బీజాపూరు, సుక్మా. మిరపకాయ కోతలకు బస్తరు నుండి కూలీలు ఖమ్మం వైపు రావడం ఏనాటినుండో ఉన్నదే. పంట ముగిశాక తిరిగి వెళ్ళేవారు. 2005 జూన్‌లో దంతెవాడ ప్రాంతంలో సల్వాజుడుం మొదలయింది. మావోయిస్టులకు ఎదురుగా నిలిపిన ఆ సాయుధ దళాలకూ మావోయిస్టులకూ నడుమ ఊళ్ళు నలిగిపోయాయి. వేలాదిమంది అడవి దాటి ఇటు వచ్చారు. వారినే మనం గొత్తికోయలంటున్నాం. 2011 జూలై 5న సుప్రీంకోర్టు సల్వాజుడుం రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పింది. వచ్చినవారిలో చాలామంది తిరిగి వెళ్ళలేదు. దేశాలు పట్టిపోయినవారు అంటామే, అలా అడవులు పట్టిపోయి గుడిసెలు వేసుకున్నారు.

వీరు పరదేశీయులా? కారు. భారత పౌరులు, భాష కోయకు చుట్టం, పోడు అదే పోడు. కాని రాజ్యాంగంలోని గిరిజన జాబితా రాష్ట్రానికొకటి. ఛత్తీస్‌గఢ్‌లో గిరిజనుడిగా పుట్టినవాడు ఆ గుర్తింపును సరిహద్దు దగ్గఱ విడిచి రావాలి. అటవీహక్కుల చట్టం 2006లో వచ్చింది. దాని ప్రకారం 2005 డిసెంబరు 13కు ముందు నుండి సాగులో ఉన్నవారికే హక్కు. సల్వాజుడుం మొదలయినది ఆ యేడు జూన్‌లో. ప్రాణాలు చేతపట్టుకొని వచ్చినవాడు ఆరు నెలల లోపల అడవి దాటి, చోటు చూసుకొని, చేను కొట్టుకొని ఉంటే సరి. కొంచెం ఆలస్యమయితే అతడు చట్టం దృష్టిలో ఆక్రమణదారు. పాస్‌పోర్టు లేని వీసా అంటే ఇదే.

దీనికి రెండవ వైపు కూడా ఉంది. చెప్పకపోతే న్యాయం కాదు. అడవి తరుగుతోందన్న అటవీశాఖ మాట అబద్ధం కాదు. ఉన్న పోడుకే పట్టాలు రాని ఇక్కడి కోయలకు కొత్తగా వచ్చినవారు పోటీ కావడమూ నిజమే. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో విధి నిర్వహణలో ఉన్న అటవీ అధికారిని గొత్తికోయలు నఱికి చంపారు. ఆ తరువాత అక్కడి పంచాయతీ వారిని వెళ్ళగొట్టాలని తీర్మానించింది. ఆ అధికారి ఇంటివారి దుఃఖానికి ఏ చరిత్రా ఉపశమనం చెప్పలేదు. చంపినవారికి శిక్ష పడవలసిందే. కాని ఊరు మొత్తాన్ని వెళ్ళిపొమ్మంటే ఎక్కడికి? ఆ ప్రశ్న దగ్గఱ తీర్మానం ఆగిపోతుంది, నా ఆలోచనా ఆగిపోతుంది.

మఱి, కదలకుండా ఉన్నవారికయినా స్థిమితం ఉందా? తెలంగాణ ఏర్పడడానికి నాలుగు రోజుల ముందు, 2014 మే 29న వచ్చిన ఆర్డినెన్సుతో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో నిలిచింది, చుట్టుప్రక్కల ఊళ్ళు ఆంధ్రలో కలిశాయి. రాముడు ఒక రాష్ట్రంలో, పురుషోత్తపట్నంలోని ఆయన భూములు మరొక రాష్ట్రంలో. భద్రాచలం నుండి దుమ్ముగూడెం, చర్ల పోయే బస్సు దారిలో కాసేపు ఆంధ్రలోకి వెళ్ళి మళ్ళీ తెలంగాణలోకి వస్తుంది. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గఱ 71.3 అడుగులకు పొంగింది. 1986 ఆగస్టు నాటి 75.6 అడుగుల తరువాత అంతటి వఱద అదే. ఆ నీరు తీసిన తరువాత యెటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు పంచాయతీలవారు తమను తిరిగి తెలంగాణలో కలపాలని రోడ్డెక్కారు. నూటఅఱవై యేళ్ళ కథలో ఈ ఒడ్డు జనం మేము ఫలానాచోట ఉండదలచామని తమంతట తాము చెప్పడం నాకు తెలిసి అరుదైన సందర్భం. వారిది గొప్ప సిద్ధాంతమేమీ కాదు. వఱద వచ్చినప్పుడు చేరువలో ఉన్న పట్టణమే తమకు దిక్కన్నారు, అంతే.

కొండరెడ్ల సంగతి ఇంకా కష్టం. హైమెండార్ఫ్ తిరిగిన నదీతీరపు ఊళ్ళు ముంపులోనివి. వారు కదలవలసి వచ్చినది రాష్ట్రం నుండి రాష్ట్రానికి కాదు, కొండ నుండి కాలనీకి. నది పొడవునా వెదురు, చింత, ఇప్ప నమ్ముకున్నవాడికి వరుసగా నిలిచిన పక్కా ఇళ్ళ వీధి న్యూజీలాండు కంటే దూరం.

ఇదంతా ఆలోచించిన తరువాత మిత్రుల ప్రశ్నకు నేను ఆలస్యంగా చెప్పిన జవాబు ఇది. ఏ దేశంలో ఉండాలనుంది అన్న ప్రశ్న వేసుకోగలగడమే ఒక ఆస్తి. ఆ ఆస్తి హేగుకు ఉంది, కెయినుకు ఉంది, బాలానంద స్వామికి ఉంది, చేతిలో చదువూ సంచిలో పాస్‌పోర్టూ ఉన్న మనకూ ఉంది. గొడ్డలి పన్ను కట్టినవాడికి లేదు, అడవి దాటి వచ్చిన గొత్తికోయకు లేదు. హైమెండార్ఫుకు కొంతకాలం లేకుండా పోయింది. బహుశా అందువల్లనే ఆయన పరులను చూసినంత బాగా మరెవరూ చూడలేదేమో.

నన్ను ఎన్నుకోమంటే మాత్రం నాకు దూరదేశాలు అక్కఱలేదు. మనిషి తన ఇంట్లో తానుండగా దేశం మార్చదలచినప్పుడు ముందుగా వచ్చి తలుపు తట్టి అడిగే దేశం ఎక్కడుంటే అక్కడ ఉంటాను. అటువంటిది భూమి మీద లేదంటే మా గోదావరి ఒడ్డే చాలు. ఏ ఒడ్డు అని అడుగుతారేమో. ఆ విషయంలో నాయనమ్మ మాట దాటలేను. ఆమె నైజాం గొప్ప అనేది. పండుగనాడు మాత్రం అత్తింటి గడపకే పసుపు రాసేది.

మీ మీ ఊళ్ళ ప్రక్కన కూడా ఇటువంటి మఱచిపోయిన విదేశాలు ఉండే ఉంటాయి. బందరు దగ్గఱ, యానాం దగ్గఱ, రాయచూరు అంచున, ఒరిస్సా పొలిమేరన. మీ నాయనమ్మలను అడిగి చూడండి. దొరికినది వ్రాయండి.